బ్యూగిల్ గవరయ్య ఆచూకీ

పొట్నూరు గవరయ్య ముందు పళ్ళు రెండూ ఒక మొక్కజొన్న పొత్తులో ఉండిపోయాయి. ఇంకెవరికైనా అయితే ఇది ఇంట్లో తేలిపోయే సంగతి. పెళ్ళాం నాలుగు రోజులు నవ్వేది, ఆ తర్వాత జాలిపడి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది. గవరయ్య విషయంలో మాత్రం అది ప్రభుత్వ వ్యవహారమై కూర్చుంది.

గవరయ్య బ్యూగిల్ ఊదుతాడు. బ్యూగిల్‌కి మీటలుండవు, సన్నాయికున్నట్టు రంధ్రాలూ ఉండవు. స్వరమంతా పెదవుల మీదే పుట్టాలి. ఆ పెదవులకు వెన్నుదన్ను ముందు పళ్ళు. అవి లేకపోతే బ్యూగిల్‌కీ, పొయ్యి ఊదే గొట్టానికీ తేడా ఉండదు.

ఆ జిల్లాలో సైన్యానికి బిడ్డనివ్వని ఊరు లేదు. తిరిగి రానివాళ్ళ పేర్లు పట్నం చివర కొండ మీద ఒక నల్లరాతి గోడకు చెక్కి ఉన్నాయి. ఆ గోడను చూసుకోవడానికి వీరస్మృతి సంస్థ అని ఒక ఆఫీసు ఉంది. ఏ సైనికుడు ఏ తేదీన పోయాడో, ఏటా ఆ తేదీన పొద్దుగూకే వేళకు అతని పేరు చదువుతారు. ఇంటివాళ్ళు వస్తారు. పేరు చదవడం అయ్యాక గవరయ్య బ్యూగిల్ ఊదుతాడు. సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ఊదాడు, దిగి వచ్చాక ఇక్కడ ఊదుతున్నాడు. ఆఫీసుకు వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకుని కాసేపు వదలకుండా ఉండే ఉద్యోగం జిల్లాలో ఇదొక్కటేనని అతని నమ్మకం.

పొత్తు తిన్న మర్నాడు ఒక సిపాయి తండ్రి వచ్చాడు. పేరు చదివారు. గవరయ్య బ్యూగిల్ ఎత్తి ఊదాడు. ముందు గాలి వచ్చింది. తర్వాత తల్లి కనపడని మేకపిల్ల అరిచినట్టు ఒక కూత వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ గాలి. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే గవరయ్య తట్టుకునేవాడు. ముసలాయన కర్ర ఊనుకుంటూ దగ్గరికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పర్నేదు బాబూ. మావోడికీ పాట వొచ్చీది కాదు" అన్నాడు.

ఆ మాట గవరయ్య గుండెలో ముల్లులా దిగింది. డాక్టరు కట్టుడు పళ్ళు పెట్టాడు గానీ, ఊదగానే అవి జారి అంగిట్లో అడ్డం పడ్డాయి. భార్య అసిరమ్మ వీపు మీద గుద్దితే బయటికొచ్చాయి.

"ఈ పళ్ళు తినడానికే గానీ ఊదడానికి కావు. ఊదింది సాల్లే. ఊదగలిగినోళ్ళకి ఒగ్గీ" అంది ఆమె.

గవరయ్యకు అదే సబబనిపించింది. ఊదగలిగిన మనిషి ఎవరో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. పోలీసు బ్యాండులో హెడ్ కానిస్టేబులుగా చేసి దిగిపోయిన రూతమ్మ ఉంది. ఆమె ఊదితే చెట్టు మీద కాకులు కూడా సర్దుకుని కూర్చుంటాయని పేరు. తను తప్పుకుంటే ఆమెను పెడతారు. ఇంత చిన్న పని.

రాజీనామా కాగితం తీసుకెళ్ళి సూపరింటెండెంటు రఘునాథ పట్నాయక్ బల్ల మీద పెట్టాడు. పట్నాయక్ నెమ్మదస్తుడు, నిబంధనల పుస్తకాన్ని పంచాంగంలా వాడే మనిషి. ఆయన కాగితం చదివి, చేపల ధర అడిగితే పురోహితుడు చూసినట్టు చూశాడు.

"వెళ్ళిపోతావా? ఎలా వెళ్తావయ్యా? ఈ సంస్థలోంచి ఇంతవరకు ఎవరైనా వెళ్ళారా?"

"వాచ్‌మన్ దాలినాయుడు పోయాడు కదండీ."

"పోవడం వేరు, వెళ్ళడం వేరు. పోవడానికి నిబంధన ఉంది."

సంగతేమిటంటే, సంస్థ పెట్టినప్పుడు ప్రారంభోత్సవం ముంచుకొచ్చింది, నిబంధనలు లేవు. నిబంధనల కమిటీవారు ఎక్కడో పాత పటాలం నియమావళి ఒకటి సంపాదించి, అందులో 'దళము' అని ఉన్నచోటల్లా 'సంస్థ' అని మార్చి, ఒక్క మధ్యాహ్నంలో పని ముగించారు. ఆ వేగానికి మెచ్చి కమిటీకి శాలువాలు కప్పారు. తర్వాత దాన్ని విప్పి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

పట్నాయక్ పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు. "ఏడవ నిబంధన. సంస్థను వీడు మార్గములు. ఒకటి, శత్రువుతో పోరాడుచు వీరమరణము నొందుట. రెండు, ఆచూకీ తెలియకుండ పోవుట. మూడు, శత్రువునకు బందీగా చిక్కుట. నాలుగు, పిరికితనముతో పారిపోవుట."

"పళ్ళూడిపోవడం లేదాండీ?"

"లేదు."

"అయితే నాలుగోది రాసుకోండి. పారిపోయాననే రాయండి, నాకేం అభ్యంతరం లేదు."

"పిరికితనం రుజువు కావాలి. నువ్వేమో సరిహద్దులో పతకం తెచ్చుకున్న మనిషివి. ఆ పతకం ఉన్నన్నాళ్ళు నిన్ను పిరికివాడంటే ఆడిట్‌లో ఒప్పుకోరు." పట్నాయక్ నిజంగానే బాధపడ్డాడు. "డైరెక్టరు గారికి పెడతాను."

డైరెక్టరు విద్యాసాగర్ అంతకు ముందు మత్స్యశాఖలో పనిచేశారు. చేపపిల్లల పంపిణీలో చూపిన చొరవకుగాను అమరవీరుల బాధ్యత అప్పగించారు. ఆయన వెంటనే సమావేశం పెట్టారు. గవరయ్యను బల్ల చివర కూర్చోబెట్టి, అతని పళ్ళ సందును చాలాసేపు గంభీరంగా పరిశీలించారు.

"ఇది వ్యక్తిగత దంత సమస్యగా పరిగణించరాదు. ఇది విధానపరమైన అంశం. నాలుగు మార్గాలనూ నిష్పాక్షికంగా పరిశీలిద్దాం. వీరమరణానికి శ్రీ గవరయ్య సిద్ధమేనా?"

"పళ్ళే పోయాయండి, ప్రాణం బాగానే ఉంది."

"సిద్ధంగా లేరు అని రాయండి. పారిపోవుట, సంస్థ ప్రతిష్ఠకు భంగకరం. బందీ కావడానికి శత్రువు కావాలి, జిల్లాలో ప్రస్తుతం శత్రువు అందుబాటులో లేడు. ఇక మిగిలినది ఆచూకీ తెలియకుండా పోవుట. హుందా అయినది, ఖర్చు లేనిది. ఆమోదించడమైనది."

"నేను ఇక్కడే ఉన్నాను కదండీ" అన్నాడు గవరయ్య.

"ఈ క్షణం వరకు. సమావేశం ముగిసిన వెంటనే మీ ఆచూకీ తెలియదు. దయచేసి సహకరించండి."

గవరయ్య సహకరించాడు. ఏ పేరుతోనైతేనేం, విడుదల దొరికిందనుకుని ఇంటికెళ్ళి అసిరమ్మకు చెప్పాడు. ఆమె, "ఎక్కడికీ ఎల్లకుండా తప్పిపోయినోడు, అటక మీద దాక్కున్న మావూరి పెళ్ళికొడుకు తరవాత నువ్వే" అంది. రూతమ్మకు కూడా కబురు పంపాడు. ఆమె బ్యూగిల్ తుడుచుకుని కొండెక్కితే పట్నాయక్ మర్యాదగా కూర్చోబెట్టి, ఖాళీ లేదని చెప్పాడు. ఆచూకీ తెలియనివాడి స్థానం, అతను దొరికేవరకు అతనిదేనట. పళ్ళు లేకుండా దొరికి మాత్రం ఏం లాభం?

కొండ మీద సాయంత్రాలు బ్యూగిల్ లేకుండా గడిచాయి. పేరు చదవడం, ఆ తర్వాత ఏమీ లేకపోవడం. ఇంటివాళ్ళు ఇంకా ఏదో ఉందేమోనని కాసేపు నిలబడి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని దిగిపోయేవారు. 'మౌనము మిక్కిలి భావగర్భితముగా నుండెను' అని పై అధికారులకు నివేదిక వెళ్ళింది.

గవరయ్య ఉండబట్టలేక ఆఫీసుకు వెళ్ళాడు. అటెండరు అతని గుండా అవతలి గోడను చూశాడు. పట్నాయక్ పైన తిరుగుతున్న ఫ్యానుకేసి చూస్తూ, "ఎవరో మాట్లాడినట్టుంది, గాలి కాబోలు" అన్నాడు. అటెండరు అటు తిరగగానే గొంతు తగ్గించి, "ఇంటికెళ్ళవయ్యా. రేపు నిన్ను వెతకడానికి వస్తున్నాం. ఇంట్లో ఉండకు" అన్నాడు.

"నా ఇంట్లో నేను లేకపోతే ఎక్కడుంటానండీ?"

పట్నాయక్ ఆలోచించాడు. "సరే, ఉండు. మేమే చూడం."

గాలింపు బృందం మర్నాడు జీపులో దిగింది. డైరెక్టరు, పట్నాయక్, ఒక ఫొటోగ్రాఫరు. వీధిలోవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. అసిరమ్మ నవారు మంచం వాల్చింది. ఇంటికొచ్చినవాళ్ళకు టీ ఇవ్వకపోతే బాగుండదని గవరయ్య వంటగదిలోకి వెళ్ళి గ్లాసులు కడిగాడు.

"అమ్మా, మీ భర్తను ఆఖరుసారి ఎప్పుడు చూశారు?" అని డైరెక్టరు అడిగారు.

"ఇప్పుడే, టీలో పంచదార ఏస్తన్నాడు."

"ఆఖరుసారి వంటపనిలో నిమగ్నమై ఉండగా చూసినట్టు రాయండి. ఆనవాళ్ళు?"

"ముందు పళ్ళు నేవు. పిలిస్తే పలుకుతాడు. పిలిసి సూడండి."

ఆ సలహా నిబంధనల్లో లేదు. గవరయ్య పళ్ళెంతో వచ్చి నిలబడ్డాడు. డైరెక్టరు గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, అతనికేసి చూడకుండా గ్లాసు అతని వైపే చాపి, "కొంచెం పంచదార తక్కువైంది" అన్నారు. గవరయ్య వేసి తెచ్చాడు. బృందం మంచం కింద చూసింది, పెరట్లో కోళ్ళగూడు తెరిపించింది, నూతిలోకి తొంగి చూసి ఫొటో దిగింది. వెళ్ళేటప్పుడు పట్నాయక్ ఒక్కడే వెనక్కి తిరిగి, గడపకు నమస్కారం పెట్టినట్టు పెట్టి, "టీ బాగుంది" అని గాలికి చెప్పాడు.

ఇదంతా వీధికి ఒక వారం సరిపడా నవ్వు. గవరయ్య కూడా నవ్వేవాడే, గున్నమ్మ రాకపోతే.

గున్నమ్మ కొడుకు తవిటినాయుడు మంచుకొండల మీద సరిహద్దు కాపలాలో పోయాడు. ఆమె ఏటా తన కొడుకు తేదీకి బస్సు మారి బస్సెక్కి వస్తుంది. గవరయ్య ఆమెను అక్కలా భావించి 'అప్పా' అని పిలుస్తాడు. ఆమె వచ్చి గడప మీద కూర్చుని, చెంబుడు నీళ్ళు తాగి అడిగింది.

"రేపు మావోడి రోజు. ఈయేడు బూర ఉండదంతన్నారు. నిజివేనా తమ్ముడూ?"

గవరయ్య పళ్ళ సంగతి చెప్పాడు, నిబంధన సంగతి చెప్పాడు. ఆమె అంతా విని, "నాకవేటీ తెల్దు. ఆల్లు పేరు సదివితే లాన్స్ నాయక్ అంతారు. మావోణ్ణి అలాగ ఇంట్లో ఎవులూ పిలవనేదు. మైకులో మాటలు నాకు అరదం కావు. నాకరదమయ్యీది ఆ బూరొక్కటే" అంది.

సరిగ్గా అప్పుడే అటెండరు సైకిలు దిగి, ఎటో చూస్తూ గుమ్మంలో ఒక ఉత్తర్వు జారవిడిచి వెళ్ళిపోయాడు. అసిరమ్మ దాన్ని ఎదురింటి టీచరమ్మ చేత చదివించింది.

ఆచూకీ తెలియని వ్యక్తిని నిర్ణీత గడువు తర్వాత వీరమరణం పొందినట్టు భావించవచ్చునని నిబంధన. గడువును ప్రజాప్రయోజనం దృష్ట్యా తగ్గించే అధికారం డైరెక్టరుది. మర్నాడు సాయంత్రం మంత్రిగారు వస్తున్నారు గనుక ప్రజాప్రయోజనం ఏర్పడింది. కాబట్టి పొట్నూరు గవరయ్య వీరమరణం పొందాడు. మంత్రిగారి చేతుల మీదుగా అతని పేరు నల్లరాతి గోడపై ఆవిష్కరించబడుతుంది. సమయాభావం వల్ల లాన్స్ నాయక్ తవిటినాయుడి కార్యక్రమం అనుకూలమైన మరొక రోజుకు సర్దుబాటు చేయడమైనది. చివర ఒక వాక్యం ఉంది. సంస్థలో బ్యూగిల్ వాద్యకులు ఒక్కరే అయినందున, శ్రీ పొట్నూరు గవరయ్య (దివంగత) తన నివాళి కార్యక్రమమునకు శుభ్రమైన యూనిఫారముతో, బ్యూగిల్‌తో సకాలములో హాజరు కావలెను.

టీచరమ్మ నవ్వాపుకోలేక కాగితం అసిరమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. గవరయ్య మాత్రం నవ్వలేదు. అసిరమ్మ అతని మొహం అంత ఎర్రబడడం పెళ్ళయ్యాక చూడలేదు.

"నన్ను చంపితే చంపారు. ఆ గోడ మీద రాస్తారా?" అన్నాడు. "మంచులో కూరుకుపోయినోళ్ళ పక్కన, మందుపాతర మీద కాలేసినోళ్ళ పక్కన, మొక్కజొన్న పొత్తు తిన్నోడి పేరా? తవిటినాయుణ్ణి పక్కకు జరిపి నా పేరా?"

చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు. గున్నమ్మ అతని వెనకే నడిచింది.

ఆఫీసులో మంత్రిగారి కోసం పూలదండలు కడుతున్నారు. డైరెక్టరు గదిలోకి గవరయ్య నేరుగా వెళ్ళి బల్ల మీద రెండు చేతులూ పెట్టాడు. డైరెక్టరు కళ్ళు కాగితాల మీదే ఉంచి, పట్నాయక్‌తో అన్నారు: "దివంగతులతో ఉత్తర ప్రత్యుత్తరాలు సంస్థ పరిధిలోకి రావని తెలియజేయండి."

"నేను దొరికానండీ. ఇదిగో ఉన్నాను. రాసుకోండి."

"దొరికినచో వెంటనే విధుల్లో చేరి బ్యూగిల్ ఊదవలసి ఉంటుందని తెలియజేయండి."

పట్నాయక్ తెలియజేయలేదు. ఆయన గున్నమ్మను చూస్తున్నాడు. ఆమె గది మధ్యలో నిలబడి ఉంది. ఏటా ఆమె పేరు పిలిచి ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టేది ఆయనే.

"బాబూ" అంది ఆమె పట్నాయక్‌తో. "బతికున్నోడు ఈ కొండ దిగడానికి దారే నేదా?"

పట్నాయక్ పుస్తకం తెరిచాడు. తెరవాల్సిన పని లేదు, ఆయనకు కంఠతా వచ్చు. "ఒకటుందమ్మా. శత్రువునకు బందీగా చిక్కుట" అని చదివి, ఎవరూ అడగకపోయినా కింద వాక్యం కూడా చదివాడు. "బందీ అయిన వాని స్థానమును తక్షణము మరొకరితో భర్తీ చేయవలెను."

"బందీ అంటే ఏటి?"

"శత్రువు పట్టుకుని వదలకపోవడం."

గున్నమ్మ రెండడుగులు వేసి గవరయ్య మణికట్టు పట్టుకుంది. జీడితోటల్లో పనిచేసిన చెయ్యి అది. గవరయ్యకు ఎముక నొప్పి పుట్టింది.

"పట్టుకున్నాను. నానొగ్గను. రాసుకోండి."

డైరెక్టరు మొదటిసారి తలెత్తారు. "అమ్మా, మీరు శత్రువు కారు. మీరు వీరమాత."

"మావోడి సాయంత్రాన్ని తీసీసినోళ్ళకి నాను శత్రువునే బాబూ" అంది గున్నమ్మ. గొంతు పెంచలేదు.

డైరెక్టరుకు కోపం రాలేదు. ఆయన మొహంలో నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. మత్స్యశాఖలో అన్నేళ్ళు చేసినా ఆయనకు ఒక శత్రువు ఎదురుపడలేదు. చర్చలు జరపాలి. చర్చలకు ఉపసంఘం వెయ్యాలి. ఉపసంఘానికి అధ్యక్షుడు కావాలి. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"శత్రుపక్షం వారి డిమాండ్లు ఏమిటో అడగండి."

"మావోడి రోజు మావోడికియ్యండి. ఊదగలిగినోళ్ళని పెట్టండి. గోడ మీద ఈడి పేరు రాయకండి" అంది గున్నమ్మ.

మధ్యాహ్నానికి ఉత్తర్వు తయారైంది. శ్రీ పొట్నూరు గవరయ్య శ్రీమతి గున్నమ్మ, వీరమాత (శత్రుపక్షము) వారికి బందీగా చిక్కినట్లు ధ్రువీకరించడమైనది. బందీ జీవించి ఉన్నందున వారి వీరమరణము రద్దు. శాంతి నెలకొల్పు నిమిత్తము డిమాండ్లు అంగీకరించడమైనది. బ్యూగిల్ స్థానమున శ్రీమతి రూతమ్మను తక్షణము నియమించడమైనది. కొండ మీద శత్రువుతో చర్చలు సాగుతున్నాయని తెలిసి మంత్రిగారు, తన ప్రాణాలు ప్రజలవి గనుక, పర్యటన వాయిదా వేసుకున్నారు.

మర్నాడు పొద్దు వాలుతుండగా రూతమ్మ కొండెక్కింది. ఇస్త్రీ మడత నలగని బట్టలు, నెరిసిన జుట్టు ముడి. గవరయ్య ఆమెకు సంస్థ బ్యూగిల్ అందించాడు. ఇవ్వడం అనుకున్నంత తేలిక కాలేదు, వేళ్ళు కాసేపు మొరాయించాయి. ఆమె తొందరపెట్టలేదు.

"మొదటి స్వరం నిదానంగా ఎత్తాలి" అన్నాడు.

"ఎత్తుతానన్నా" అంది రూతమ్మ.

గవరయ్యకు ఎక్కడ నిలబడాలో తోచలేదు. గున్నమ్మ తన పక్క కుర్చీ తట్టి, "కూకో. నువ్వు నా ఖైదీవి" అంది. కూర్చున్నాడు. పట్నాయక్ పేరు చదివాడు. లాన్స్ నాయక్ అని మొదలుపెట్టి, ఆగి, ఆ మాట వదిలేసి, "తవిటినాయుడు" అని ఒక్కటే మళ్ళీ చదివాడు.

ఊదేవారు గోడకేసి తిరిగి నిలబడాలని అక్కడి ఆచారం. వచ్చినవాళ్ళంతా వెనక ఉంటారు. గవరయ్య అన్నేళ్ళలో వేల సాయంత్రాలు ఊదాడు గానీ, తను ఊదుతుంటే వెనక ఏం జరుగుతుందో ఒక్కసారీ చూడలేదు. ఏడుస్తారనుకునేవాడు. అందుకే ఊదడం అయ్యాక కూడా వాళ్ళు తేరుకునేదాకా గోడవైపే ఉండేవాడు.

రూతమ్మ ఎత్తుకుంది. చీలిక లేదు, వణుకు లేదు. స్వరం కొండ మీంచి పల్లంలోని జీడితోటల మీదుగా వెళ్ళింది. గవరయ్య పెదవులు వాటంతటవి బిగుసుకున్నాయి. పక్కకు చూశాడు.

గున్నమ్మ ఏడవడం లేదు. తల కొద్దిగా పక్కకు వంచి, చెవి మీది చెంగు తప్పించి వింటోంది. పొలంలో పనిలో ఉన్న ఆడమనిషి, దూరాన గట్టు మీంచి ఎవరో కేకేస్తుంటే విన్నట్టు వింటోంది. ఆఖరి స్వరం సాగి, సన్నబడి, గాలిలో కలిసిపోయింది. అప్పుడు ఆమె, పక్కనున్నవాడికి తప్ప ఎవరికీ వినపడకుండా పలికింది.

"ఓయ్, ఇక్కడే ఉన్నాన్రా."

గవరయ్య కదలకుండా కూర్చున్నాడు. తను ఊదిన ప్రతి సాయంత్రం తన వీపు వెనక ఎవరో ఒకరు ఇలాగే పలికి ఉంటారని అతనికి ఇప్పుడు తెలిసింది.